గ్రూపులో అందర్నీ మాట్లాడనివ్వాలా, తాళం వేసి ఉంచాలా?

ఈ వారం ఉత్తరం రాసినావిడకి నలభై దాటాయి, పుట్టింది పశ్చిమ గోదావరిలో ఒక పల్లెటూరు, ఉండేది హైదరాబాద్‌లో. పేరు రాయొద్దన్నారు. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది, కుదించి చెప్తున్నాను.

2020 లాక్‌డౌన్‌లో ఈవిడ ప్రతి ఆదివారం వాళ్ల మామ్మ గురించో, మామ్మ వంటల గురించో, ఊళ్లో మనుషుల గురించో ఒక జ్ఞాపకం రాసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారట. మొదట ముప్పై మంది. చుట్టాలు స్నేహితుల్ని చేర్చి, వాళ్లు ఇంకొకళ్లని చేర్చి ఇప్పుడు ఆరు వందలు దాటారు, అందులో సగం మంది ముఖాలు కూడా ఈవిడకి తెలియవు. "నేను రాసినదానికంటే దాని కింద వాళ్లు రాసేవే బాగుండేవండి" అన్నారు. ఒకసారి దిబ్బరొట్టె గురించి రాస్తూ రుచి నాలుక మీద ఉంది కానీ మామ్మ ఎలా చేసేదో తెలియదు అని రాస్తే, డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ మాస్టారు వాళ్లమ్మ పద్ధతి మొత్తం రాశారట: గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యం నూక, నూకని నానబెట్టి నీళ్లు గట్టిగా పిండేసి రుబ్బులో కలపాలి, మందపాటి గిన్నెలో నూనె వేసి సన్నటి సెగ మీద పెట్టాలి, మూత మీద కొబ్బరి పీచు నిప్పులు వెయ్యాలి, పక్కన చెరుకు పానకం ఉండాలి. నిప్పుల్లేకుండా గ్యాస్ మీద చేసినా మామ్మ వంటింటి వాసనే వచ్చింది, ఆ రోజు ఏడ్చేశాను అని రాశారు.

కొన్ని వారాల క్రితం ఈవిడ వాళ్ల బాబాయ్ పెళ్లి గురించి రాశారు. పెళ్లికూతురి ఊళ్లో పెళ్లి, అందరూ పందిట్లో ఉన్నారు, పెళ్లికొడుకు తల్లి మాత్రం భర్త పోయిన మనిషి కాబట్టి విడిదింట్లోనే ఉండిపోయింది. గట్టిమేళం మోగగానే కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది, కొడుకు తాళి కట్టడం చూడలేదు, విన్నదంతే. ఎనిమిదేళ్ల పిల్లగా ఆ కొంగు పట్టుకుని పక్కన నిలబడింది ఈవిడే.

ఆ పోస్టు కింద చాలామంది ఆడవాళ్లు వాళ్ల అమ్మల గురించి, అత్తగార్ల గురించి రాశారు. తర్వాత ఇద్దరు కులం మీదికి, అక్కణ్నుంచి పార్టీల మీదికి వెళ్లిపోయారు. ఎవరో తెలియని ఒకతను "ఇలాంటి రాతలు రాసే ఆడాళ్లని మొగుళ్లు ఎలా భరిస్తారో" అని గ్రూపులో పెట్టి, అంతటితో ఆగకుండా రాత్రి పదకొండున్నరకి ఈవిడ నంబరుకే విడిగా మెసేజ్‌లు మొదలుపెట్టాడు, వద్దని చెప్పినా ఆపలేదు. ఈ గొడవ మధ్యలో బాబాయ్ మెసేజ్ వచ్చింది: "మా అమ్మని మేం ఎలా చూసుకున్నామో ఊరందరికీ తెలుసు. నువ్వప్పుడు చిన్నపిల్లవి. తెలియనివి రాయకు." ఈవిడ ఏదో టైప్ చేస్తుండగానే ఆయన గ్రూపు నుంచి వెళ్లిపోయారు.

అదే రాత్రి సెట్టింగ్ మార్చి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా చేశారు. అయిదు వారాలైంది. మాస్టారు ఫోన్ చేసి "ఏమ్మా, మేమందరం ఏం తప్పు చేశాం?" అని అడిగారట. ఆయన భార్య ఈమధ్యే పోయారు, ఆదివారం పూట ఈ గ్రూపే కాలక్షేపం. భర్తేమో మొత్తం ఆపెయ్, మనకెందుకీ గోల అంటున్నారు. స్నేహితురాలేమో తెరిచే ఉంచు, పదిమందిలో రాసేవాళ్లు మాటలు పడాల్సిందే అంటోంది. "తెరిస్తే నిద్ర పట్టదు, మూస్తే రాయబుద్ధి కావట్లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అమ్మా, ముందు తాళం సంగతి. ఆ రాత్రి మీరు వేసిన తాళం తప్పు కాదు. ఇంట్లో పొయ్యి మీద నూనె అంటుకుంటే ముందు మూత పెడతాం, కూర సంగతి తర్వాత చూసుకుంటాం. కానీ మూత పెట్టి అయిదు వారాలైంది, ఇప్పుడు కాస్త తీరిగ్గా చూద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాకు కనిపించింది ఏంటంటే, మీ గ్రూపులో ఆ రాత్రి ముగ్గురు వేరువేరు మనుషులున్నారు, మీరు ముగ్గురికీ ఒకటే తాళం వేశారు. అర్ధరాత్రి మెసేజ్ పెట్టినవాడు ఒకడు, దిబ్బరొట్టె మాస్టారు ఒకరు, బాబాయ్ ఒకరు. ఈ ముగ్గురికీ మీ దగ్గర ఉన్న హక్కు ఒకటి కాదు.

మొదటివాడి సంగతి తొందరగా తేల్చేద్దాం. వాడు చేస్తున్నది మీ రాత మీద అభిప్రాయం చెప్పడం కాదు, వేధింపు, కాబట్టి ఇందులో మాట్లాడే స్వేచ్ఛ అనే మాటే రాదు. మెసేజ్‌లన్నీ తేదీ, టైము, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి, తర్వాత రిపోర్ట్ చేసి బ్లాక్ చెయ్యండి. ఈ వరుసే ముఖ్యం, కోపంలో చాట్ డిలీట్ చేసేశాక చూపించడానికి ఏమీ మిగలదు. ఒక ఆడమనిషి వద్దని చెప్పాక కూడా వెంటపడి మెసేజ్‌లు చెయ్యడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి, ఆడవాళ్ల గౌరవాన్ని కించపరిచే మాటలు అనడం 79వ సెక్షన్ కిందికి వస్తాయి, 2024 జులై 1 నుంచి ఈ చట్టమే నడుస్తోంది. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఆడవాళ్ల మీద వేధింపుల్ని చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్‌కి చెప్పొచ్చు, లేదంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు పెట్టొచ్చు. పెడతారా లేదా అన్నది మీ ఇష్టం. పెడితే నాలుగు ప్రశ్నలు ఎదుర్కోవాలి, ఒకటి రెండు సార్లు తిరగాల్సి రావచ్చు. పెట్టకపోతే వాడు ఇంకో నంబరుతో వచ్చే అవకాశం ఉంది. ఏది చేసినా మీవారికి తెలిసి చెయ్యండి, ఆయన ఆపెయ్యమంటున్నది మీ రాత నచ్చక కాదేమో, ఆ పదకొండున్నర మెసేజ్ చూసి భయపడి అంటున్నారేమో, ఒకసారి అడిగి చూడండి.

ఇంకోటి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఒకచోట "నేను రాసిన తీరులోనే లోపం ఉందేమో" అన్నారు. 2016లో ఇంగ్లండ్‌లోని గార్డియన్ పత్రిక తన వెబ్‌సైట్లో పాఠకులు రాసిన 7 కోట్ల కామెంట్లని పరిశీలించింది. అందరికంటే ఎక్కువ తిట్లు పడిన పదిమంది రచయితల్లో ఎనిమిది మంది ఆడవాళ్లు, మిగతా ఇద్దరు నల్లజాతి మగవాళ్లు. అతి తక్కువ తిట్లు పడిన పదిమందీ మగవాళ్లే. మరి ఆ ఎనిమిది మందికీ రాయడం చేతకాకే తిట్లు పడ్డాయంటామా? మన తెలుగు బ్లాగులు కళకళలాడిన రోజుల్లో కూడా ఇదే చూశాం. కామెంటు పెట్టేవాడి పేరు ఉండాల్సిన చోట "అజ్ఞాత" అని ఉండేది, ఆ అజ్ఞాతలు ఆడవాళ్ల బ్లాగుల్లోకి వచ్చి ఏమేం రాసేవాళ్లో అప్పట్లో రాసిన ఏ ఆడమనిషిని అడిగినా చెప్తుంది. కొందరు కామెంట్లు ముందు తాము చదివాకే కనిపించేలా పెట్టుకున్నారు, కొందరు మూసేశారు, కొందరు రాయడమే మానేశారు. ఆ మూడోవాళ్ల విషయంలోనే నాకు ఇప్పటికీ బాధ.

ఇక మాస్టారు. మీ రాతకి ఆయన ఇచ్చింది మీ దగ్గర లేనిది. మీ మామ్మ పోయాక మీ ఇంట్లో ఎవ్వరికీ తెలియని నూక లెక్క ఎక్కడో ఇంకో ఇంట్లో బతికుంది, మీరు తలుపు తీసి ఉంచారు కాబట్టి అది నడిచి మీ ఇంటికొచ్చింది. మూసి ఉంచితే పోయేది ఇదే. "బాగుంది", "సూపర్", చప్పట్ల బొమ్మలు పోతే పోయాయి, వాటికోసమైతే నేను తెరవమని చెప్పను. మీరు రాసేవి జ్ఞాపకాలు, జ్ఞాపకం ఒక్కరి దగ్గరే పూర్తిగా ఉండదు కదా, అందుకని మీకు జవాబులు కావాలి. మీరు వారంవారం తిథులో, ధరలో పెట్టే మనిషైతే తాళం ఉండనివ్వండి అని ఒక్క ముక్కలో చెప్పేసేదాన్ని.

మరి పెద్ద పెద్ద సంస్థలే వెబ్‌సైట్లలో కామెంట్లు మూసేశాయి కదా అంటారేమో. నిజమే, పాపులర్ సైన్స్ పత్రిక 2013లో మూసేసింది, రాయిటర్స్ వార్తాసంస్థ 2014లో వార్తల కింద తీసేసింది, అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియో 2016లో తీసేసింది. వాళ్లకి వచ్చే వేల కామెంట్లని కూర్చుని చూసే మనుషుల్ని పెట్టాలంటే డబ్బు, టైము కావాలి, ఆ మాట మీకూ వర్తిస్తుంది. తెరిచిన తలుపు దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. అది రోజూ ఎంతసేపు, ఎవరు అన్నదే అసలు లెక్క. మీకు ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, కాబట్టి ఆ లెక్క తేలకుండా తెరవొద్దు.

ఇప్పుడు బాబాయ్. మీరు ఉత్తరంలో ఆయన గురించి నాలుగు లైన్లే రాశారు, అర్ధరాత్రి వాడి గురించి పేజీన్నర రాశారు. నాకైతే బాబాయ్ విషయమే పెద్దది అనిపించింది.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం నేను ఒక వారపత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ చూసేదాన్ని. రోజూ కట్టలు కట్టలు పోస్టుకార్డులు వచ్చేవి, చిన్న చిన్న అక్షరాలతో అంచుల్లో కూడా ఖాళీ లేకుండా నింపేసేవాళ్లు, కింద పేరు, ఊరు. ఒకసారి మా పత్రికలో ఒక చేనేత కుటుంబం మీద వ్యాసం వచ్చింది, ఇంటాయన తాగుడు వల్ల మగ్గం అమ్ముకున్నారని ఉంది అందులో. కొన్ని రోజులకి ఆయన కూతురి దగ్గర్నుంచి కార్డు వచ్చింది, మా నాన్న తాగి మగ్గం అమ్మలేదు, అమ్మకి ఆపరేషన్ కోసం అమ్మాడు అని. నేను ఆ కార్డు చదివి పక్కన పెట్టాను, ఆ వారం చోటు లేదు, తర్వాత వారం పండగ సంచిక, అలా అలా వెనక్కి పోయింది. రెండు నెలల తర్వాత అదే చేతిరాతతో ఇంకో కార్డు వచ్చింది, దాని మీద ఒకటే లైను: "నా మొదటి కార్డు మీకు అందిందా?" అప్పటికి వ్యాసం జనం మర్చిపోయారు, ఇప్పుడు వేస్తే ఏం బాగుంటుంది అన్నారు, నేనూ గట్టిగా అడగలేదు. ఆ ఉత్తరం పడలేదు. వేసిన వందల ఉత్తరాల్లో ఒక్కటి కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు, వెయ్యని ఆ ఒక్కటే గుర్తుంది.

అందుకే చెప్తున్నా. దారినపోయే మనిషికి మీ గ్రూపులో మాట్లాడే హక్కు లేదు, ఇస్తే మీరు ఇచ్చినట్టు. మాస్టారు లాంటివాళ్లకి ఇస్తే మీకే లాభం. కానీ ఎవరి గురించైతే మీరు రాశారో వాళ్లకి మాత్రం, ఎక్కడ రాశారో అక్కడే, అదే ఆరు వందల మంది ముందు జవాబు చెప్పుకునే చోటు ఉండాలి. మీరు తాళం వేసిన రాత్రి నుంచి బాబాయ్‌కి ఆ చోటు లేదు. ఆయన తనంతట తనే వెళ్లిపోయారు నిజమే, అయినా రేపు మనసు మారి వచ్చినా మాట్లాడలేరు కదా. ఇంకా ఒకటి గమనించండి, మీరు రాసింది అబద్ధం అని ఆయన అనలేదు. "ఎలా చూసుకున్నామో ఊరందరికీ తెలుసు" అన్నారు. ఆ మాట వెనకాల ఏముందో నాకు తెలియదు, కానీ గట్టిమేళం మోగుతున్నప్పుడు అమ్మ పక్కన లేదని ఆ పెళ్లికొడుక్కి తెలియకుండా ఉంటుందా? ఇన్నేళ్లూ లోపల దాచుకున్న విషయం ఒక ఆదివారం పొద్దున ఫోన్ తెరిస్తే తెలియని ఆరు వందల మంది మధ్య కనపడింది. పోస్టు పెట్టేముందు ఆయనకి చూపించారా అన్నది మీరు రాయలేదు, చూపించలేదనుకుంటున్నాను. మీరు చూసింది మీరు రాశారు, రాయాల్సిందే, అలాంటివి రాయకపోతే అవి జరగనట్టే అయిపోతాయి. కానీ బతికున్న మనిషి గురించి రాసినప్పుడు ఒకరోజు ముందు ఆయనకి చదివి వినిపించడం అనుమతి అడగడం అవ్వదు.

సరే, ఏం చెయ్యొచ్చో చూద్దాం.

వెనకటిలా మొత్తం తెరిచేయొచ్చు. అలా అయితే మీరొక్కరే అడ్మిన్‌గా ఉండకండి, ఇంకో ఇద్దర్ని పెట్టుకోండి, ఒకరు మగవాళ్లు అయితే మంచిది, మనవాళ్లలో కొందరికి ఆడమనిషి చెప్తే ఎక్కని మాట మగవాడు చెప్తే ఎక్కుతుంది, ఇది బాధాకరమే కానీ ఉన్నమాట. ఎవరు పెట్టిన మెసేజ్ అయినా అడ్మిన్లు అందరికీ కనపడకుండా తీసెయ్యొచ్చు, కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలి అనే సెట్టింగ్ కూడా ఉంది, అది పెట్టండి. కులం, పార్టీలు, ఇంట్లో ఆడవాళ్ల మీద మాటలు, ఈ మూడూ వద్దని పైన రాసి పెట్టండి, మొదటిసారి చెప్పండి, రెండోసారి తీసెయ్యండి. ఎవరో ఏదో పెడితే అడ్మిన్ మీద కేసు పడుతుందేమో అని మీవారు భయపడుతున్నారని రాశారు కదా, బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యులు పెట్టినదానికి బాధ్యులు కారని చెప్పాయి, అడ్మిన్ కూడా కావాలని అందులో కలిస్తే అది వేరే సంగతి. ఈ దారిలో నష్టం ఏంటంటే ఎంతమంది అడ్మిన్లున్నా మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది, మీ నంబరు ఆరు వందల మందికీ కనపడుతూనే ఉంటుంది.

ఆ నంబరు భయమే ఎక్కువైతే ఛానల్‌కి మారొచ్చు. మన దేశంలో 2023 సెప్టెంబర్ నుంచి వాట్సాప్ ఛానళ్లు ఉన్నాయి, అందులో చదివేవాళ్లకి మీ నంబరు కనపడదు, వాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనపడవు. మనశ్శాంతి గ్యారంటీ. కానీ అక్కడ మీ పోస్టు కింద మాస్టారు మామూలుగా చెయ్యగలిగింది ఒక బొమ్మ నొక్కడమే. నూక లెక్క బొమ్మలో పట్టదు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరం చదివాక ఇది మీకు సరిపడదు అనిపించింది, అయినా మీ నిద్ర మీకు ముఖ్యం, కాబట్టి చెప్తున్నా.

మధ్యలో ఇంకోటుంది, వారానికి ఒక్క పూట తెరవడం. ఆదివారం పొద్దున పోస్టు పెట్టి, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మాత్రం అందరూ రాసేలా సెట్టింగ్ మార్చండి, ఆ మూడు గంటలూ మీరు అక్కడే ఉండండి, ఏడింటికి మళ్లీ మూసేయండి. ఎవరికీ అర్ధరాత్రి గ్రూపులో గొడవ పెట్టే వీలుండదు. అమెరికాలో ఉన్న మీ చుట్టాలకి ఆ టైము కుదరదు, అదొక్కటే చిక్కు.

నా మనసు మాత్రం ఉత్తరాల పేజీ వైపే పోతోంది, అలవాటు కాబట్టి కావచ్చు. గ్రూపు మూసే ఉంచి, జవాబుల కోసం విడిగా ఒక మెయిల్, లేదా ఇంట్లో పాత ఫోన్‌లో ఒక వేరే నంబరు పెట్టండి, రాసేవాళ్లు పేరు, ఊరు రాయాలి అనండి. ఊరి పేరు రాసేటప్పుడు మనిషి కొంచెం సర్దుకుని రాస్తాడు, అది నేను చూశాను. శుక్రవారం కూర్చుని చదివి, నాలుగో అయిదో ఎంచి, బుధవారం గ్రూపులో పెట్టండి. వాయిస్ మెసేజ్ పంపినా తీసుకోండి, డెబ్బై దాటినవాళ్లకి టైప్ చెయ్యడం కష్టం. ఇందులో కూడా లోపం ఉంది, ఏది వెయ్యాలో మీరే ఎంచుతారు కాబట్టి నచ్చనివి పక్కన పెట్టాలనిపిస్తుంది, నాకు జరిగిందే మీకూ జరగొచ్చు. అందుకని ఒక్క నియమం మాత్రం పెట్టుకోండి, మీరు రాసింది తప్పు అని చెప్పే ఉత్తరం, అందులోనూ మీరు ఎవరి గురించి రాశారో వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది, అన్నిటికంటే పైన వెయ్యండి, అదే వారం. చోటు లేదు అనే మాట మనకి మనం చెప్పుకోకూడదు.

మొత్తం ఆపేయడం కూడా ఒక దారే, మీవారు చెప్పింది తీసిపారెయ్యను. కొన్నాళ్లు ఆపినా కొంప మునగదు. కానీ ఆపితే మీరు అలిసిపోయి ఆపండి, ఎవడో పదకొండున్నరకి మెసేజ్ పెట్టాడని ఆపకండి. రాయడం మానకుండా పోస్టు చెయ్యడం మాత్రం ఆపొచ్చు, నోటుబుక్కులో రాసుకోండి.

వీటిలో ఏది ఎంచుకున్నా సరే, మాస్టారికి మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి. ఆయన అడిగిన ప్రశ్నకి మీరు ఏమీ చెప్పలేకపోయానని రాశారు. ఏం తప్పు చెయ్యలేదండీ, నాకు భయమేసింది అని ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు.

బాబాయ్ దగ్గరికి మాత్రం ఫోన్ కాదు, వెళ్లండి. మళ్లీ గ్రూపులో చేరమని లింక్ పంపితే ఆయన ఇంకా దూరం జరుగుతారు. సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు, ఒక శనివారం రాత్రి బస్సెక్కితే ఆదివారం పొద్దున అక్కడ ఉంటారు. ఆ పోస్టు ఫోన్‌లో తీసి చూపించకండి, నేను రాసింది నిజమే కదా అని అడగకండి. పెళ్లి ఆల్బమ్ ఉందా బాబాయ్ అని అడగండి. పక్కన కూర్చుని ఒక్కో పేజీ తిప్పండి. మామ్మ పందిట్లో ఫొటోల్లో ఉండదు, అది మీ ఇద్దరికీ తెలుసు, ఎక్కడైనా విడిదింట్లో తీసిన ఫొటోలో ఓ మూల ఉంటుందేమో వెతకండి. ఆయన ఏం చెప్తే అది వినండి, మధ్యలో అడ్డం రావొద్దు. కోప్పడితే పడనివ్వండి. వచ్చేముందు, ఇప్పుడు చెప్పింది రాయొచ్చా బాబాయ్ అని ఒక్క మాట అడగండి. సరే అంటే ఆయన మాటల్లోనే, ఆయన పేరుతోనే ఆ ఆదివారం పెట్టండి, మీ వైపు నుంచి కింద ఒక్క లైను కూడా కలపకుండా. వద్దంటే వద్దు, ఆ ఆదివారం ఇంకేదైనా రాయండి.